తూటాల మిషన్‌కి బొట్టు

ఇది ఒక మహా వీరగాథ. ఇందులో తుపాకులున్నాయి, మందుగుండు ఉంది, కొండలు దాటిన ప్రయాణం ఉంది, గురి తప్పని ఒక స్త్రీ ఉంది. చావు వెంట్రుకవాసిలో పక్కనుంచి వెళ్ళిపోవడం కూడా ఉంది. చదివేవాళ్ళు కాస్త సర్దుకుని కూర్చోవాలి.

సర్దుకున్నాక చెప్పడం బాగుండదు గానీ, అంత లేదు. ఆక్లాండ్ శివారు హెండర్సన్‌లో మా అక్కావాళ్ళ గరాజ్‌లో, లాన్‌మోవర్‌కీ పాత సోఫాకీ మధ్య, అక్కా నేనూ కూర్చుని వాడేసిన ఇత్తడి తొడుగుల్లో మళ్ళీ మందు నింపుకున్న సంగతి ఇది. చావు వచ్చిన మాట నిజమే. అది కూడా గుమ్మం దాకా వచ్చి, ఇల్లు ఇది కాదనుకుని వెళ్ళిపోయింది.

మా అక్క ఫార్మసిస్టు. పగలంతా మందుల షాపులో మాత్రలు లెక్కపెట్టి సీసాల్లో వేస్తుంది. తను వేసినదాన్ని ఇంకొకరికి చూపించిగానీ బల్ల దాటనివ్వదు. ఇంట్లోనూ అంతే. పులుసులో ఉప్పు వేసి నన్ను పిలుస్తుంది, వేసిందో లేదో చూడమని. బావ డ్రైనేజీ పైపుల ఇంజనీరు. వాన పడితే సంతోషించే మనిషిని ఆక్లాండ్‌లో ఆయన్నొక్కడినే చూశాను. నేను ఆల్బనీలో ఒక ఆఫీసులో కూర్చుని, కంప్యూటర్ పనిచేయడం లేదని ఫోన్ చేసేవాళ్ళకి ఆపి మళ్ళీ ఆన్ చేయమని చెబుతాను. అక్కావాళ్ళ ఇంట్లోనే వెనకగదిలో ఉంటాను. అద్దె ఇవ్వబోతే బావ తీసుకోడు. సలహాలు ఇవ్వబోతే అక్క తీసుకోదు. ఇక్కడికి మా అక్క అత్తగారు విజిటర్ వీసా మీద వచ్చి ఉన్నారు. నేను కూడా ఆవిణ్ణి అత్తయ్యగారనే అంటాను.

అక్కకి పిస్టల్ పిచ్చి ఎలా పట్టిందో ఎవరికీ సరిగా తెలియదు. షాపులో తనతో పనిచేసే ఈ దేశపు కివీ ఆవిడ ఒక ఆదివారం సరదాగా క్లబ్బుకి తీసుకెళ్ళింది. అక్క అంతవరకూ ఇంట్లో దోమని కూడా తలుపు తీసి బయటికి పంపే రకం. ఆరోజు మాత్రం ఇంటికి వచ్చి, అన్నం తినకుండా, "నాకు అది బాగా వచ్చేలా ఉంది" అంది. బావ బ్యాడ్మింటన్ అనుకుని సంతోషించాడు.

ఇక్కడ పిస్టల్ కొనుక్కోవడం అంటే పిల్లని అడగడానికి వెళ్ళినంత పని. క్లబ్బులో కొన్నాళ్ళు నమ్మకం సంపాదించుకోవాలి. పోలీసాయన ఇంటికి వచ్చి, సేఫ్‌ని గోడకి గట్టిగా బిగించారో లేదో ఊపి చూస్తాడు. ఆ తర్వాత ఇంట్లోవాళ్ళని విడిగా కూర్చోబెట్టి మాట్లాడతాడు. మీ ఆవిడకి కోపం వస్తే ఏం చేస్తుందని బావని అడిగాడట. బావ నిజాయితీగా ఆలోచించి, మాట్లాడదని చెప్పాడు. ఎంతసేపు అని అడిగితే, కారణం నేను కనుక్కునేదాకా అన్నాడు. ఆయన అది రాసుకున్నాడు. లైసెన్స్ వచ్చింది. కొన్నాళ్ళకి తోడుగా ఉంటానని నేనూ తీసుకున్నాను. క్లబ్బులో నా స్థానం గురించి చెప్పాల్సి వస్తే కింద నుంచి లెక్కపెట్టడమే మర్యాద.

అక్క ఆడేది నిలబడి నింపాదిగా కాల్చే ఆట కాదు. ఇసుక కట్టల మధ్య చెక్క గోడలు, కిటికీలు పెట్టి, వాటి వెనక అట్ట టార్గెట్లు నిలబెడతారు. అలాంటి ఒక్కో ఏర్పాటునీ స్టేజీ అంటారు. టైమర్ బీప్ అనగానే పరిగెత్తుతూ, ఆగుతూ, వంగుతూ అన్నింటినీ కాల్చాలి. గురికి వచ్చిన పాయింట్లని పట్టిన సమయంతో భాగిస్తారు. నాకు గురి కుదిరితే టైమ్ కుదరదు, టైమ్ కుదిరితే అట్టలకి ఏమీ కాదు. అక్కకి రెండూ కుదురుతాయి. చీరల షాపులో నచ్చనివి పక్కకి తోసేసే వేగంతో ఒకదాని తర్వాత ఒకటి అయిపోతాయి.

తూటాలు సొంతంగా నింపుకోవడం ఆ ఆటలో మామూలే. అంత ప్రాక్టీసుకి షాపులో కొంటే జీతమంతా ఇసుక కట్టలోకి పోతుంది. పైగా ఎవరి చేతికి వాళ్ళు నప్పేట్టు నింపుకుంటారు. కాల్చిన చోటే తొడుగులు ఏరుకుని, ఇంటికి తెచ్చి, తోమి, ఆరబెట్టి, బల్లకి బిగించిన ప్రెస్‌లో పెడతాం. లివర్ ఒకసారి లాగితే ఆ గుండ్రటి పళ్ళెం ఒక మెట్టు తిరుగుతుంది. ఒకచోట తొడుగు అడుగున ప్రైమర్ ఎక్కుతుంది. అది నిప్పు పుట్టించే చిన్న బిళ్ళ. ఇంకోచోట పైన ఉన్న గరాటులోంచి చిటికెడు మందు పడుతుంది. మరోచోట గుండు కూర్చుంటుంది. చివర తూటా డబ్బాలో పడి టింగుమంటుంది.

మా ఇద్దరికీ ఒక పద్ధతి ఉంది. లివర్ లాగడం నా పని. మందు పడిన తొడుగులోకి చిన్న లైటు వేసి చూడటం అక్క పని. చూసి, "ఉంది" అంటుంది. నేను లాగుతాను. మళ్ళీ "ఉంది" అంటుంది. ఆ పని జరుగుతున్నంతసేపూ ఇంకో మాట ఉండదు, ఫోన్లు గరాజ్‌లోకి రావు. ఒకసారి బావ గుమ్మంలో నిలబడి టీ తాగుతారా అని అడిగితే అక్క తల ఎత్తకుండా "ఉంది" అంది. ఆయన టీ ముందే ఉందనుకుని వెళ్ళిపోయాడు.

దసరాకి అత్తయ్యగారు ఆయుధపూజ చేయాలన్నారు. ఇంట్లో నిజమైన ఆయుధం ఉందన్న సంగతి ఆవిడకి తెలుసు, కానీ దాన్ని బయటికి తీయడానికి అక్క ఒప్పుకోలేదు.

"పోనీ ఆ బీరువాకి పెడదాంలే అమ్మాయ్" అని అత్తయ్యగారు సేఫ్ తలుపుకి పసుపు రాసి బొట్టు పెట్టారు. ఆ తర్వాత ఊపు వచ్చింది. రెండు కార్లు, లాన్‌మోవర్, రైస్ కుక్కర్, బావ లాప్‌టాప్, నా లాప్‌టాప్.

"నీది పెద్దగా పనిచేస్తున్నట్టు లేదు నాయనా, దీనికి ఇంకొంచెం పెడతా" అన్నారు.

"నాకు కూడా పెట్టండి అత్తయ్యగారూ."

"నీకు బొట్టు కాదు, పెళ్ళి కావాలి."

చివరికి ప్రెస్ దగ్గరికి వచ్చారు. ఇదేం మిషన్ అని అడిగితే, తూటాలు చేసేదని అక్క దాచకుండా చెప్పింది. ఆవిడ కొంచెం ఆలోచించి, అసలు పూజ దీనికే చేయాలని, పైనుంచి కింద దాకా బొట్లు పెట్టి, కళ్ళు మూసుకుని ఏదో అనుకుని, గుప్పెడు అక్షింతలు చల్లారు. మేమూ దణ్ణం పెట్టుకున్నాం. అక్షింతలు బల్ల మీదివి ఊడ్చేశాం. తర్వాతి వారం కూర్చుని, టౌరంగా అనే ఊళ్ళో జరిగే మ్యాచ్ కోసం, దాని ప్రాక్టీసు కోసం పెద్ద డబ్బా నిండా నింపాం.

ఆ మ్యాచ్ సంగతి చెప్పాలి, అక్కకి ఆ ఏడాదంతా అదే కాబట్టి. ఆడవాళ్ళలో మొదటి ముగ్గురిలో వస్తే, వచ్చే ఏడు బయటి దేశంలో ఆడబోయే జట్టులో చోటు. అక్క ఈ మాట ఒక్కసారే చెప్పింది, అదీ బట్టలు మడతపెడుతూ. మా అక్క బట్టలు మడతపెడుతూ చెప్పిన మాటలే అసలైనవి. నాకు ఇక్కడికి రావడానికి డబ్బు కడతానని కూడా అలాగే చెప్పింది.

మ్యాచ్‌కి కొన్ని వారాల ముందు, ఆదివారం ప్రాక్టీసు. మా క్లబ్బు పైన్ చెట్ల మధ్య, పాత కంకర గోతిలో ఉంది. నీలం కోళ్ళలాంటి పుకేకో పక్షులు ఎంత చప్పుడుకీ భయపడకుండా టార్గెట్ల వెనక తిరుగుతుంటాయి. ఆరోజు రేంజ్ ఆఫీసరు స్కూల్ బస్సు నడిపి రిటైరైన ఒక పెద్దావిడ. రేంజ్ ఆఫీసర్ అంటే కాల్చేవాళ్ళ వెనకే టైమర్ పట్టుకుని నడిచే మనిషి. అందరినీ "లవ్" అని పిలుస్తుంది, తిట్టేటప్పుడు కూడా.

బీప్. అక్క బయల్దేరింది. మొదటి కిటికీ, రెండో కిటికీ, ఎప్పటిలాగే ఠప్ ఠప్ ఠప్ అని. మూడోచోట ఒకటి మాత్రం ఠప్ అనలేదు. సీసా మూత తీసినట్టు చిన్నగా ఫట్‌మంది.

తూటా పేలకపోతే ఆలోచించకూడదని ఈ ఆటలో నేర్పుతారు. వెంటనే పైభాగం వెనక్కి లాగి, చెడ్డ తూటాని బయటపడేసి, మళ్ళీ కాల్చాలి. అక్క దీన్ని ఖాళీ పిస్టల్‌తో హాల్లో ఎంత సాధన చేసిందంటే, అత్తయ్యగారు అది మణికట్టు నొప్పికి ఫిజియో చెప్పిన వ్యాయామం అనుకున్నారు. ఆ సాధన పనిచేసింది. ఫట్‌మన్న చప్పుడు నా చెవికి ఎక్కేలోపే అక్క పైభాగం లాగేసింది. వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్ళింది.

"స్టాప్" అని పెద్దావిడ అరిచింది. బస్సులో వెనక సీటు పిల్లలకి వినపడేలా ఎన్నేళ్ళో అరిచిన గొంతు అది. అక్క ఆగింది. పుకేకోలు కూడా ఆగాయి.

ఆ ఫట్ ఏమిటో చెబుతాను. తొడుగులో మందు లేకపోతే ప్రైమర్ ఒక్కటే పేలుతుంది. ఆ కాస్త ఊపుకి గుండు బ్యారెల్ మధ్యదాకా వెళ్ళి ఇరుక్కుంటుంది. దీన్ని స్క్విబ్ అంటారు. అక్కడితో ఏమీ కాదు. దాని వెనక ఇంకొకటి కాలిస్తే మాత్రం దానికి వెళ్ళే దారి ఉండదు. తుపాకి చేతుల్లోనే విచ్చుకుంటుంది. అక్క చేతులు మొహానికి ఎంత దూరంలో ఉంటాయో నాకు తెలుసు. నిలబడే పద్ధతి సరిచూసుకుంటానంటే ఆ దూరం ఎన్నోసార్లు వీడియో తీసిపెట్టింది నేనే.

పెద్దావిడ పిస్టల్ ఖాళీ చేయించి, విప్పించి, ఇత్తడి కడ్డీతో బ్యారెల్లోంచి గుండుని కొట్టి బయటికి తీసింది. అక్క అరచేతిలో పెట్టి, "దాచుకో లవ్" అంది. అక్క థాంక్యూ చెప్పింది. ఆ తర్వాత వెళ్ళి బెంచీ మీద కూర్చుని, బూట్ల లేసులు విప్పి మళ్ళీ కట్టుకుంది. అవి అంతకుముందు కూడా సరిగ్గానే ఉన్నాయి.

కార్లో నేను నవ్వించాలని చూశాను. నా ఉద్యోగం ఇంత తొందరగా ఇంటికి వస్తుందనుకోలేదు, ఆపి మళ్ళీ ఆన్ చేయడం అన్నాను. అక్క కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నేను రేడియో పెట్టాను.

ఇంటికి వెళ్ళగానే గరాజ్‌లో ప్రెస్ విప్పాం. గరాటులో మందు అంతా తీసేసి, కింద మందు కొలిచే చిన్న గది బోర్లిస్తే ఏదీ పడలేదు. సన్న స్క్రూడ్రైవర్ పెట్టి కదిపితే ఒక బియ్యపు గింజ బయటపడింది. పసుపు రంగుది.

ఇద్దరం దాన్ని చూశాం. గరాటు దసరా రోజు ఖాళీగా ఉంది. అత్తయ్యగారు చల్లినవాటిలో ఒకటి అడుగున పడింది. దాని మీద మేము మందు పోశాం. నింపుతుండగా ఎప్పుడో అది జారి, దారికి అడ్డం పడింది.

"సోనా మసూరీ" అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా.

"ఎప్పట్నించి అడ్డంగా ఉందో తెలీదు" అంది అక్క.

"అవును."

"అంటే డబ్బాలో ఎన్ని ఉన్నాయో తెలీదు."

"అవును."

ఇంకో మాట కూడా ఉంది. అది ఇద్దరం అనలేదు. ఆ ఖాళీ తొడుగు కూడా లైటు కింద నుంచే వెళ్ళింది. దానికీ "ఉంది" అనే వినపడింది. వందల తొడుగులు చూస్తే కన్ను చూడటం మానేసి నోరు ఒక్కటే పనిచేస్తుందని, ఎవరికైనా అంతేనని చెప్పవచ్చు. ఎవరికైనా చెప్పవచ్చుగానీ, రోజంతా ఇంకొకరి లెక్క సరిచూసి సంతకం పెట్టే మనిషికి చెప్పలేం. అక్క లైటు తీసుకుని, ఆర్పి, డ్రాయర్లో పెట్టేసింది.

బావకి చిన్న జామ్ అని చెప్పింది. ఆయన నమ్మినట్టు తల ఊపి, మర్నాడు నన్ను పట్టుకున్నాడు. నేను కారు కడుగుతుంటే వచ్చి, పైపు తీసుకుని, ఆల్రెడీ కడిగిన వైపే మళ్ళీ కడగడం మొదలుపెట్టాడు.

"చెయ్యి పోయేదా?"

"ఏం చెయ్యి బావా?"

"గూగుల్ చేశాను."

"అయితే నాకన్నా మీకే ఎక్కువ తెలుసు."

"ఫొటోలు కూడా చూశాను" అన్నాడు. పైపులోంచి నీళ్ళు ఆయన చెప్పుల మీదే పడుతున్నాయి. "నేను మానేయమని చెబితే మీ అక్క మానేస్తుంది. అందుకే చెప్పలేను. నువ్వు చెప్పు."

"నేను చెబితే మానదు."

"అందుకే నిన్ను చెప్పమంటున్నా" అన్నాడు. గింజ సంగతి కూడా అప్పుడే నా దగ్గర రాబట్టాడు.

అత్తయ్యగారికి సంగతి ఆయనే చెప్పాడు, గింజ మాట మాత్రం మింగేసి. ఆవిడ వంటింట్లోంచి గబగబా వచ్చి అక్క రెండు చేతులూ పట్టుకుని చూశారు, వేళ్ళు లెక్కపెడుతున్నట్టు.

"చూశావా అమ్మాయ్. పూజ చేశాం కాబట్టే నీకేం కాలేదు. నేను ఆ మిషన్ దగ్గర గట్టిగా దణ్ణం పెట్టుకున్నా."

హాల్లో ఆవిడ కాక ముగ్గురం ఉన్నాం. ముగ్గురికీ తెలుసు. బావ టీవీ వైపు చూశాడు, అది ఆపేసి ఉంది. నేను రిమోట్ వెతికాను.

"అవునండీ అత్తయ్యగారూ" అంది అక్క.

ఆ డబ్బా అంతా పగలగొట్టాలని నిర్ణయించాం. తూకం వేసి కనుక్కోవచ్చు కదా అని బావ అడిగాడు. కుదరదు. తొడుగుకీ తొడుగుకీ ఉండే తేడానే లోపలి మందుకన్నా ఎక్కువ. ఇంజనీరు కాబట్టి ఆయనకి ఇది ఒకసారి చెబితే అర్థమైంది, ఒప్పుకోవడానికి మూడుసార్లు పట్టింది. దీనికి ఒక ప్లాస్టిక్ సుత్తి ఉంటుంది. తల బోలుగా ఉంటుంది. అందులో తూటా బిగించి చెక్క మీద కొడితే, గుండూ మందూ వేరుగా లోపలే రాలిపోతాయి. ఒక్కోదానికి రెండు మూడు దెబ్బలు. సాయంత్రాలు భోజనాలకి ముందు ముగ్గురం వంతులు వేసుకుని కొట్టాం.

"ఏం దంచుతున్నార్రా?" అని లోపల్నించి అత్తయ్యగారు.

"కారం" అన్నాను.

"ఘాటు రావట్లేదే?"

"ఇక్కడి మిరపకాయలు అంతే అత్తయ్యగారూ."

అక్క ప్రతి తొడుగునీ విడిగా తెల్ల కాగితం మీద బోర్లించి చూసింది. చాలావాటిలో మందు సరిగ్గా ఉంది. కొన్నింటిలో సగం ఉంది. పూర్తిగా ఖాళీది ఇంకొకటి దొరికింది. అక్క దాన్ని బావకి చూపించలేదు. నాకు చూపించి, పక్కన పెట్టి, తర్వాతది తీసుకుంది.

తర్వాత కొత్తగా నింపేటప్పుడు, "నువ్వు చూడు, నేను లాగుతా" అంది.

"నా కళ్ళకి పవరుంది కదే."

"కళ్ళజోడు పెట్టుకో."

అలా పనులు మారాయి. నేను చూసి "ఉంది" అంటాను. అక్క లివర్ మీద చెయ్యి వేసి, లాగకుండా ఆగి, తనూ వంగి చూసి, అప్పుడు లాగుతుంది. పని మామూలుకన్నా ఎన్నోరెట్లు పట్టింది. ఆ తూటాలకి వచ్చిన భద్రత విమానాలకి కూడా ఉండదు. గరాటు బోర్లించి, తుడిచి, ఊది, మళ్ళీ తుడిచాకే మందు పోశాం. బొట్లు మాత్రం అక్క చెరపలేదు.

ప్రాక్టీసులో అసలు గొడవ అప్పుడు బయటపడింది. అక్క ప్రతి తూటా తర్వాతా ఆగుతోంది. బయటివాళ్ళకి కనిపించనంత చిన్న ఆగడం. వింటోంది. వెళ్ళిందా లేదా అని విని, అప్పుడు ఇంకోటి కాలుస్తోంది. అట్టల మీద గురి ఎప్పటిలాగే ఉంది, టైమర్ మీద అంకెలే నావిలాగా తయారయ్యాయి.

"నాకు పోటీ వస్తున్నావు" అన్నాను.

"తెలుసురా. వద్దనుకుంటూనే ఆగుతున్నా."

"మన తూటాలు బాగానే ఉన్నాయి కదా."

"తూటాలకేం."

షాపు తూటాలు కొనమని బావ పట్టుబట్టాడు. కొన్నాం. సీలు విప్పని పెట్టె. ఫ్యాక్టరీ వాళ్ళు అక్షింతలు చల్లరు. వాటితో కూడా ఆగింది. ఆ రోజు ఇంటికి వచ్చాక అక్క బట్టలు మడతపెడుతూ, "టౌరంగాలో కూడా ఇట్లాగే ఉంటే ఇంక ఇది వదిలేస్తా. అక్కడ ఆగకుండా కొట్టగలిగితే ఉంటా" అంది. బావ టవల్ ఒక కొస పట్టుకుని ఉన్నాడు. ఆయన ఏది కోరుకుంటున్నాడో మొహం చూసి చెప్పడం కష్టం. రెండూ అనుకుంటా.

మ్యాచ్ రోజు బయల్దేరేముందు అత్తయ్యగారు గుమ్మంలో ఆపారు. పులిహోర డబ్బా నా చేతికిచ్చి, అక్కని వంగమని, తల మీద అక్షింతలు వేశారు. "ఏ దిగులూ పెట్టుకోకు అమ్మాయ్, నేనున్నాగా" అన్నారు. అక్క కాళ్ళకి దణ్ణం పెట్టింది. కారెక్కి, మలుపు తిరిగేదాకా మామూలుగా కూర్చుంది. ఆ తర్వాత సీటు ముందు పైన ఉండే చిన్న అద్దం కిందికి దించుకుని, జుట్టు విప్పుకుని, దువ్వెనతో ఒక్కో గింజా తీసి అరచేతిలో వేసుకుంది. పారేయలేదు. చాలాసేపు గుప్పిట్లోనే పట్టుకుని, చివరికి బావ చొక్కా జేబులో వేసింది. బావ కారు నడుపుతూనే ఆ జేబు బొత్తాం పెట్టుకున్నాడు.

కైమై కొండలు దిగేసరికి వాన వెలిసింది. రోడ్డుకి రెండువైపులా ఎత్తైన పచ్చ గోడల్లాంటి చెట్ల వరసలు, వాటి వెనక కివీపండ్ల తోటలు. రేంజ్ ఆ తోటలు దాటాక ఉంది. పొద్దున స్టేజీల్లో అక్క ఆగింది, కానీ తక్కువగా ఆగింది. మధ్యాహ్నానికి ఆ ఆగడం నాకు వినపడడం మానేసింది. పులిహోర తింటూ బావ, "ఇవాళ బాగానే ఉంది కదా?" అని నన్ను గుసగుసగా అడిగాడు. నేను ఇంకో ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఫోన్‌లో స్కోర్లు వస్తున్నాయి. ఆడవాళ్ళలో అక్క మూడో స్థానంలో ఉంది. నాలుగో ఆవిడ చాలా దగ్గరలో ఉంది. ఇంకా ఒక స్టేజీ మిగిలింది.

ఆ స్టేజీలో ముందు ప్లైవుడ్‌తో కట్టిన చిన్న గదిలాంటిది ఉంది. అందులోంచి కిటికీ గుండా కొన్ని కాల్చి, బయటికి పరిగెత్తి, ఆరుబయట మిగతావి కాల్చాలి. ఇక్కడి రేంజ్ ఆఫీసరు ఒక కుర్రాడు, నా వయసువాడు. నేనూ బావా తాడు వెనక నిలబడ్డాం.

బీప్. గదిలో అక్క ఆడిన తీరు అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఎక్కడా ఆగలేదు, ఏదీ వినలేదు. ఆ చెక్క గోడల మధ్య చప్పుడు డబ్బాలో రాళ్ళు వేసి ఊపినట్టు ఉంది. బావ నా భుజం పట్టుకున్నాడు. అక్క గదిలోంచి బయటికి ఉరికి, పచ్చిక మీద మొదటి టార్గెట్‌కి ఒకటి కాల్చింది.

చెక్క గదిలో కాల్చాక ఆరుబయట కాలిస్తే చప్పుడు చిన్నగా ఉంటుంది. గోడలుండవు, చప్పుడు తిరిగి రాదు. తాడు వెనకున్న నాకు అది మామూలు ఠప్ అనే వినపడింది. అట్ట మీద కొత్త చిల్లు కూడా కనిపించింది. అక్కకి అవేవీ అందలేదు. చెవులు గదిలోనే ఉన్నాయి.

పిస్టల్ కింది వైపుకి దించింది. వేలు ట్రిగ్గర్ మీంచి తీసి పక్కకి చాచింది. ఎంత శుభ్రంగా ఆగిందంటే, పాఠం చెప్పేవాళ్ళు ఫొటో తీసుకోవచ్చు. "స్క్విబ్" అంది. గట్టిగా కూడా అనలేదు.

కుర్రాడు పద్ధతి ప్రకారం ఖాళీ చేయించాడు, విప్పించాడు. బ్యారెల్ ఎత్తి ఆకాశంలోకి పెట్టి చూశాడు. తను చూసి, అక్కకి చూపించాడు. అక్క తీసుకుని చాలాసేపు చూసింది. బ్యారెల్లో ఆకాశం తప్ప ఏమీ లేదు.

"మళ్ళీ కొట్టనిస్తారు కదా, తుపాకి బాగానే ఉందిగా" అన్నాడు బావ. జేబు మీద చెయ్యి వేసుకుని ఉన్నాడు.

అక్క బ్యారెల్ తిరిగి బిగించుకుంది. కుర్రాడి దగ్గరికి వెళ్ళి అదే మాట అడిగింది. అతను చాలా బాధపడుతూ చెప్పాడు. నాకు తెలుసు ఏం చెబుతాడో, అయినా బావకి తెలుగులో చెప్పాల్సి వచ్చింది.

స్క్విబ్ అని అనుమానం వచ్చి రేంజ్ ఆఫీసరు ఆపితే, బ్యారెల్ ఖాళీగా ఉంటే, ఆ స్టేజీ మళ్ళీ మొదటినుంచి కొట్టనిస్తారు. మనంతట మనమే ఆపుకుంటే ఇవ్వరు. అప్పటిదాకా కొట్టినదే స్కోరు, కొట్టనివన్నీ మిస్సుల కింద రాసుకుంటారు. టౌరంగాలోనూ అక్కని ఆపింది అక్కే, మూడో స్థానం వెనకున్న ఆవిడకి వెళ్ళిపోయింది.